అమ్మ మాట, బోర్డు మాట

మొన్న సాయంత్రం మా అక్క కూతురు రాజాంలో ఏదో శిక్షణ ముగించుకుని, అలసిపోయాను, ఇవాళ్టికి ఇక్కడే ఉంటానంటూ విజయనగరంలోని మా ఇంటికి వచ్చింది. అదీ నాలాగే బడిపంతులమ్మ. చేతిసంచీ మూలన పడేసి మంచం మీద వాలిపోయి, శిక్షణలో ఏం చెప్పారో కళ్లు మూసుకునే చెప్పుకొచ్చింది. పిల్లలందరూ ఒకేలా నేర్చుకోరట, కొందరికి చూస్తే వస్తుందట, కొందరికి వింటే, కొందరికి చేత్తో పట్టుకుంటే గానీ రాదట, ఎవరికి ఎలా వస్తుందో కనిపెట్టి అలా చెప్పాలట. బాగానే ఉంది గానీ పిన్నీ, ఐదు తరగతులకీ ఇద్దరమే ఉన్నాం, అందులో ఒకరికి ఫోన్లో హాజరు, భోజనాల ఫోటోలు ఎక్కించడంతోనే పొద్దు పోతుంది, మరి అందరినీ అందుకోవడం ఎలాగో ఒక్కరూ చెప్పలేదు అని నిట్టూర్చింది. ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా నాలుగు మాటలు గట్టిగా మాట్లాడితే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది నాకు. కాఫీ పెట్టి ఇస్తానని వంటింట్లోకి వెళ్లాను. పాలు పొంగేదాకా నిలబడి ఉంటే, ఎప్పటిదో ఆ మూడో తరగతి పిల్ల గుర్తుకొచ్చింది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. పొద్దున్నే పాసింజరు బండెక్కి గరివిడిలో దిగి, ఫ్యాక్టరీ దుమ్ము కొంగుకు పట్టించుకుంటూ బడికి నడిచేదాన్ని. ఆ పిల్ల తండ్రి ఆ ఫ్యాక్టరీలోనే ఫర్నేసు దగ్గర కూలి, తల్లి చీపురుపల్లి సంతలో కూరగాయలు అమ్మేది. పిల్ల చురుకైనదే, ఆటల్లో దాని నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. డిక్టేషన్ దగ్గరే వచ్చేది తంటా. చెరువు అంటే సెరువు, చేప అంటే సేప, చింతచెట్టు అంటే సింతసెట్టు అని రాసేది. పలక నిండా ఇంటూ మార్కులే.

మా పెద్దమాస్టారు మంచివారే, ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు, కాకపోతే గోదావరి అవతలనుంచి వచ్చినవారు, ఇక్కడి పిల్లల నోళ్లు ఆయన చెవికి అలవాటు పడలేదు. ఒకరోజు ఆ పిల్లను నిలబెట్టి, నాతోపాటు పలుకు అంటూ చెరువు, చెరువు అని చెప్పించబోయారు. ఆయన గట్టిగా చెప్పేకొద్దీ అది ఇంకా గట్టిగా సెరువు, సెరువు అని అరిచింది. తరగతంతా ఘొల్లుమంది. చిత్రమేమిటంటే, నవ్విన పిల్లలందరూ ఇంటికెళ్తే సెరువులో ఈదులాడేవాళ్లే. వాళ్లు పుస్తకంలో అక్షరాన్ని కంటితో పట్టుకున్నారు, దీనికి కన్ను కాదు, చెవి పనిచేసేది, అంతే తేడా. ఆ రోజునుంచి ఆ పిల్ల నోరు మూతపడింది. వారం తిరక్కుండా తల్లి బడి గుమ్మంలో కూరల గంప దించి నా ముందు నిలబడింది.

"టీచరమ్మా, మా గుంట ఇంటికాడ కూడా మాటాడ్డం మానేసినాది. ఈ ఏడు తప్పితే బడి మానిపించీసి సంటోడిని సూసుకోమంటన్నాడు దీని నాన్న. ఏటి సేయమంటారు?"

ఆవేళ బండిలో ఇంటికి వస్తూ మా నాన్నగారి గురించి ఆలోచించాను. ఆయన ఇంట్లో ఫిడేలు నేర్పేవారు. ఒక శిష్యుడికి పాడి వినిపించేవారు, ఇంకొకడి వేలు పట్టుకుని తీగ మీద పెట్టేవారు, మరొకణ్ణి ఏమీ అనకుండా తన పక్కన కూర్చోబెట్టుకునేవారు. దీనికి ఆయన ఏ పేరూ పెట్టుకోలేదు. మర్నాడు ఆ పిల్ల పలక మళ్లీ అడిగి తీసుకుని చూశాను. స ఒక్కటి పక్కన పెడితే, దీర్ఘం తప్పలేదు, ఒత్తు తప్పలేదు, తరగతిలో ఇంకెవ్వరికీ అంత శుభ్రంగా కుదరలేదు. తన నోట పలికింది పలికినట్టు దించేసింది పాపం. దానికి సున్నా వేస్తున్నామని నాకు మనసు చివుక్కుమంది.

సంతరోజున సాయంత్రం బడి అయ్యాక, నేనూ వస్తాను పదండి అని సంతకు బయల్దేరిన ఆ తల్లీకూతుళ్లతో బండెక్కి చీపురుపల్లి వెళ్లాను. స్టేషన్లో దిగగానే ఊరి పేరున్న పసుపుపచ్చ బోర్డు ముందు పిల్లను నిలబెట్టి చదవమన్నాను. మొదటి అక్షరంవైపు వేలు చూపి, మొహం చిట్లించి, అన్నాళ్ల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఇదేటి టీచరమ్మా, సీపురుపల్లి అని రాయాల గదా, తప్పు రాసీసినారు!"

నాకు నవ్వాగలేదు. రైల్వేవాళ్లకే ఇంటూ మార్కు వేసేసింది గడుగ్గాయి. కానీ తప్పు నీదని ఆ పిల్లతో అనబుద్ధి కాలేదు. బోర్డు పరాయి ఊరి చుట్టం లాంటిది, దాని మాట అలాగే ఉంటుంది, మీ అమ్మ మాట ఇలాగే ఉంటుంది, రెండూ నీకు వస్తే నువ్వు ఇద్దరితోనూ మాట్లాడొచ్చు అన్నాను. ఆలోచించి తలూపింది. మర్నాటినుంచి తరగతిలో అదే ఆటయింది. నేనొక మాట చెబితే పలకకు ఒకవైపు అమ్మ మాట, రెండోవైపు బోర్డు మాట రాయాలి. కంటితో నేర్చేవాళ్లు బోర్డువైపు గబగబా రాసేవాళ్లు, చెవితో నేర్చేవాళ్లు అమ్మవైపు. రెండూ రానివాళ్లకు ఇసకలో వేలు పట్టి దిద్దించేదాన్ని. ఎంత చేసినా ఎవరో ఒకరు మిగిలిపోయేవారు. బండి తప్పిపోయి, గొంతు పోయి, ఇంటికి చేరేసరికి అన్నం తినే ఓపిక కూడా ఉండేది కాదు. అందరినీ అందుకున్నానని చెబితే అబద్ధమే అవుతుంది.

పరీక్షనాడు పెద్దమాస్టారే డిక్టేషన్ చెప్పారు. మొదటి మాట చెరువు. ఆ పిల్ల లేచి నిలబడింది.

"మాస్టారూ, అమ్మ మాట రాయాలా, బోర్డు మాట రాయాలా?"

ఆయన కళ్లజోడు పైకి తోసి నావైపు చూశారు, చిన్నగా నవ్వి, బోర్డు మాటే రాయమ్మా అన్నారు. ఒక్కటీ తప్పు పోలేదు. పిల్ల నాలుగో తరగతిలోకి వెళ్లింది, చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని మరీ వచ్చేది, ఎవరూ వద్దనలేదు.

ఇదంతా కాఫీ తాగుతూ అక్క కూతురికి చెప్పాను. వింటూ వింటూ లేచి కూర్చుంది. మా బడిలో ఇప్పుడు చ బదులు స రాసే పిల్లలు ఒక్కరూ లేరు పిన్నీ, టీవీలూ ఫోనులూ చూసి అందరూ చ అనే పలుకుతున్నారు, పరీక్షలో అయితే నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెడితే చాలు అంది. తప్పు జవాబు కూడా ముందే అచ్చయి ఉంటుందన్న మాట. ఆ పిల్ల పలక చూస్తే దాని నోరు నాకు వినబడేది, ఈ టిక్కుల్లో మా అక్క కూతురు ఎవరి నోరు వింటుంది, ఎవరికి ఎలా చెప్పాలని కనిపెడుతుంది? నాకు జాలేసింది.

అది గ్లాసు కింద పెట్టి, చిన్నప్పుడు వీధిలో ఆడుకునేటప్పుడు నేనూ సెట్టు అనేదాన్ని కదా, అమ్మ మొట్టికాయ వేసేది, ఎప్పుడు మానేశానో గుర్తే లేదు అంది. ఏదీ ఒకసారి అను అన్నాను. అంది. సెట్టు. అది వాళ్ల వీధిలో మాటలా లేదు, టీవీలో మన యాసను వేళాకోళం చేసేవాళ్ల మాటలా ఉంది. ఇద్దరం నవ్వాం. మళ్లీ అనమని నేను అడగలేదు, అదీ అనలేదు.