కింది దివాణం గడప

మా అవ్వ పోయిందన్న కబురు ఆత్మకూరికి చింతపండు బండితో వచ్చింది. బండివాడు మా ఉదయగిరి వాడే. మర్రిపాడు దారిన ఎండలో వచ్చి, ఎడ్లను విప్పకముందే నా బడి అరుగు దగ్గర నిలబడి చెప్పాడు. "మీ అవ్వ పోయింది అబ్బయ్యా. దివాణంలోనే పోయింది. మీ నాయన నిన్ను రమ్మన్నాడు." నేను పిల్లల్ని ఇళ్ళకు పంపుతూ ఉంటే, చెప్పాలా వద్దా అన్నట్టు తల గోక్కుని ఇంకో మాట కూడా చెప్పాడు. రోడ్డు ఓవర్సీరు అప్పుడే పలుగులవాళ్ళను వెంటబెట్టుకుని దివాణం చుట్టూ తిరిగి చూసుకుంటున్నాడట. మొదటి మాటకు రావలసిన ఏడుపు రెండో మాటతో ఆగిపోయింది. ఆ పూటే బయలుదేరాను.

ఉదయగిరి చూడనివాళ్ళ కోసం చెబుతాను. దుర్గం కొండ మీద ఉంటుంది, ఊరు కొండ కింద. ఊరికి పడమటి కొసన, కొండ మొదట్లో ఒక పాత రాతి మిద్దె ఉంది. దాన్నే కింది దివాణం అంటాం. రాజుల కాలంలో కట్టారని కొందరు, నవాబుల కొలువువాళ్ళు కట్టారని కొందరు అంటారు. లోపల దీపం గూడూ ఉంది, పడమటి గోడలో నమాజు గూడూ ఉంది, కాబట్టి ఇద్దరూ కాపురం ఉండే ఉంటారు. టేకు స్తంభాల మీద చిలకలు చెక్కారు. గడప మాత్రం ఒకే నల్లరాయి. ఎన్ని తరాల కాళ్ళు పడ్డాయో, నడిమధ్య పళ్ళెంలా అరిగిపోయింది. జాగీరు పోయాక ఇల్లు సర్కారుదైంది. సర్కారుదంటే ఎవరిదీ కాదని మన ఊళ్ళ లెక్క. వానొస్తే మేకలు, ఎండొస్తే పేకాటరాయుళ్ళు అందులో చేరేవాళ్ళు.

మా అవ్వ ఆ ఇంట్లో పుట్టింది. దొరసాని కూతురేమీ కాదు. వాళ్ళమ్మ అక్కడ వంట చేసేది, నొప్పులొచ్చినప్పుడు పొయ్యి పక్కనే కన్నది. అంతకుమించి అవ్వకు ఆ ఇంటి మీద ఏ హక్కూ లేదు. అయినా పెళ్ళయి పిల్లల్ని కని, తాతను కాటికి సాగనంపి, నడుము వంగిపోయాక కూడా పొద్దున్నే వెళ్ళి ఆ ఖాళీ ఇంటి ముందు చిమ్మి నీళ్ళు చల్లి వచ్చేది. వానాకాలం ముందు కూలివాడిని పెట్టి, సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి మిద్దె పగుళ్ళు పూడ్పించేది. కూలివాడు ఎగ్గొడితే తానే నిచ్చెనెక్కేది. వాన వెలిశాక మేం అన్నానికి పిలిస్తే, "కప్పు చూసినాకే కూడు" అని కొంగు నెత్తిన వేసుకుని పోయేది. మా నాయనకు ఒళ్ళు మండేది. సొంత ఇంటి చూరు కారుతున్నా పట్టదు గానీ సర్కారు కొంపకు మాత్రం సున్నమా అని సణిగేవాడు. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు, మా చూరు నిజంగానే కారేది.

అవ్వ పోకముందటి మాట, ధాత నామ సంవత్సరంలో కరువు వచ్చింది. దాని సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు, ఇది చదివేవాళ్ళలో ఆ కరువు తగలని ఇల్లు ఉండదు. నా బడి మూతపడి నేను ఉదయగిరికి వచ్చేశాను. సర్కారు కరువు పని కింద రోడ్డు వేయించింది. రాళ్ళు కొట్టి కంకర కుప్ప పోస్తే ఆ పూటకు కూలి. ఓవర్సీరుకు కొండ రాయి కొట్టించడం కష్టమనిపించింది. చెక్కిన రాయి చేతికందేంత దూరంలో ఉంది కదా, దివాణం కూల్చమని రాళ్ళు కొట్టే ఒడ్డెవాళ్ళ గుంపుకు చెప్పాడు.

ఇక్కడ మా వైపు ఒడ్డెవాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఇల్లు కట్టేటప్పుడు గడపకు పసుపు పూసి నిలబెడతారు. ఇల్లు కూల్చాలంటే ఇంటివాళ్ళు ఆ గడపను నీళ్ళతో కడిగి సెలవు అడగాలి. కడిగిన గడప మీదే మొదటి పలుగు పడాలి. పచ్చి పసుపున్న గడప కింద పలుగు పెట్టినవాడి ఇంటి గడప లేచిపోతుందని వాళ్ళ నమ్మకం. మా అవ్వకు ఇది తెలుసు. గుంపు వచ్చేసరికి గడప నిండా పసుపు తడితడిగా మెరుస్తోంది, అవ్వ పక్కన అరుగు మీద కూర్చుని తమలపాకు ఈనె తీస్తోంది.

ఓవర్సీరు అరిచాడు. మొగుడు పోయినదాని పసుపు ఒక పసుపేనా, కానివ్వండి అన్నాడు. గుంపు మేస్త్రీ తల దించుకున్నాడు. అతని భార్యే, ఆ గుంపులో ఆడవాళ్ళకు పెద్ద, ముందుకొచ్చి గడప వైపు చూసి చెప్పింది.

"పూసినామె ఎవురని పలుగు అడగదు సామీ. పసుపు ఉండాదా లేదా, అంతే."

ఆ పూట వాళ్ళకు కూలి రాదని ఓవర్సీరు చెప్పి వెళ్ళిపోయాడు. అవ్వ గెలిచిందని నేను సంబరపడబోయాను. పెద్దామె తిన్నగా అవ్వ దగ్గరికే వచ్చింది. ఆమె మొహంలో సంబరం లేదు.

"నీ గడప బాగుండాది అవ్వా. మా కుండే బాగలేదు. పలుగు వేస్తే మా వంశం పోతాది, వెయ్యకపోతే ఈ పూట గంజి పోతాది. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

వాళ్ళ వెనక పిల్లలు నిలబడి ఉన్నారు. ఆ పిల్లల పొట్టలు, కాళ్ళు ఎలా ఉన్నాయో రాయడానికి నాకు మనసు రావడం లేదు. ఒక ఇంటి కోసం ఇంతమంది పస్తుండాలా అని నాకే అనిపించింది. అవ్వ పసుపు గిన్నె దీపం గూట్లో పెట్టి, కొంగు చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుని లేచింది.

"పదండి. కొండ మొదట్లో బయటి గోడ ఎప్పుడో పడిపోయి ఉండాది. పడిపోయింది పడిపోయినట్టే. నిలబడింది మాత్రం నిలబడాల."

ఆ గోడ రాళ్ళు ముళ్ళపొదల్లో ఉన్నాయి, దూరం కూడా. అందుకే ఓవర్సీరు వాటి జోలికి పోలేదు. ఆ ఎండలో మా అవ్వ వాళ్ళతో పాటు రాళ్ళు మోసింది. నేనూ మోశాను, వద్దంటే ఆమె ముందు నిలబడగలనా? మధ్యాహ్నం ఒక రాయి జారి పెద్దామె కుడిచేతి నడిమి వేలు నలిగిపోయింది. అవ్వ కొంగు చింపి, గూట్లో మిగిలిన పసుపు తెప్పించి కట్టింది. పొద్దు గూకేసరికి కుప్ప నిండింది. కుప్ప నిండాక కూలి ఇవ్వనంటే కుదరదు, ఓవర్సీరు ఇచ్చాడు. రేపు మాత్రం దివాణమే అన్నాడు. మరునాడూ పసుపు తడిగానే ఉంది, మరునాడూ గోడ రాళ్ళే వచ్చాయి. ఇలా ఎన్నాళ్ళు సాగుతుందో ఎవరికీ తెలియదు. గోడ రాళ్ళు తరిగిపోతున్నాయి. ఇంకోవైపు ఓవర్సీరు, గడపలూ పసుపులూ పట్టని మనుషులను వేరే చోటి నుంచి పిలిపిస్తున్నాడని పుకారు.

కలెక్టరు దొర ఆత్మకూరులో గుడారం వేశాడని తెలిసి అవ్వ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. పసుపు పని పెద్దామెకు అప్పజెప్పింది. దారి పొడుగునా ఎండిన చేలు, ఎముకల గూళ్ళయిన గొడ్లు. ఇంత చావు మధ్య ఒక మిద్దె గురించి దొరను అడగబోతున్నామని నాకు సిగ్గేసింది. ఆ మాటే అంటే అవ్వ కోప్పడలేదు. మనుషులు పోతున్నారు కాబట్టే, ఇక్కడ మనుషులు ఉన్నారని చెప్పడానికి ఏదన్నా ఒకటి మిగలాలి కదరా అంది.

గుడారం ముందు తహశీల్దారు ఆమెను నిలేశాడు. సర్కారు ఇంటి మీద నీకేం హక్కుందని అడిగాడు.

"నేను ఆడ పుట్టినాను. పుట్టింటికి పట్టా ఏంది సామీ?" అని, దొర వైపు తిరిగి చేతులు జోడించింది. "ఒక్కసారి వచ్చి చూడు దొరా. చూసినాక కూడా కొట్టమంటే మొదటి పలుగు నేనే వేస్తాను."

 మా అవ్వ అన్నమాట తప్పే మనిషి కాదు. దొర చూసి కొట్టెయ్యమంటే ఆ ముసలి చేతులతో నిజంగానే పలుగు ఎత్తుతుంది.

వస్తానన్న దొర నిజంగా వచ్చేదాకా అవ్వ సరిగా తినలేదు. వచ్చిన రోజు ఓవర్సీరు ముందే చేరి, ఈ ఇంట్లో ఎంత రాయి వస్తుందో, ఎంత దూరం రోడ్డు పడుతుందో చెబుతూ వెంట తిరిగాడు. దొర స్తంభాల మీది చిలకల ముక్కుల్లో వేలు పెట్టి చూశాడు, తలెత్తి కప్పు చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. బయటికి వస్తూ గడప మీద బూటు మోపబోయాడు. అవ్వ అప్రయత్నంగా చెయ్యి అడ్డం పెట్టింది.  దొర ఆ చేతిని చూసి, గడపను చూసి, కాలెత్తి దాటాడు.

తర్వాత తహశీల్దారు నోట హుకుం వచ్చింది. కింది దివాణం నుంచి ఎవరూ ఒక్క రాయి కూడా తీయకూడదు. అయితే కావలి మనిషిని పెట్టడానికి సర్కారు ఒప్పుకోదు. ఇంట్లో ఎవరైనా కాపురముండి కప్పు కాచుకున్నంత కాలమే ఈ రక్షణ. ఇల్లు ఖాళీ పడితే రోడ్డు పనికి పోతుంది. ఊరంతా టముకు వేయించారు. ఆ సాయంత్రమే మా అవ్వ తన కుండా చాపా పట్టుకుని పుట్టింటికి కాపురానికి వెళ్ళింది. ఈ వయసులో ఎవరైనా అత్తింటికి సెలవు పెడతారా అని నేను ఎగతాళి చేస్తే, నోట్లో ఆకు నములుతూనే నవ్వింది. ఆమె అంత హాయిగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

కరువు తగ్గి నేను మళ్ళీ ఆత్మకూరు బడికి వెళ్ళిపోయాక, అవ్వ ఆ ఇంట్లోనే పోయింది. పొద్దున గడపకు పసుపు పూసి, చెయ్యి కడుక్కోకుండానే స్తంభానికి ఆనుకుందట.

నేను చేరేసరికి దహనం అయిపోయింది. నాయన గుండుతో అరుగు మీద కూర్చున్నాడు. నేను దివాణం గడప వైపు చూశాను. నల్లగా, నున్నగా, శుభ్రంగా ఉంది. శవం లేచాక ఇల్లు కడగడం మన ఆచారం, మావాళ్ళు గడపతో సహా కడిగారు. మైల, పెద్ద దినం దాకా పసుపు పూయకూడదు. చావు జరిగిన ఇంటి గడప ముత్తైదువలు ముట్టరు. అవ్వ ఇన్నాళ్ళూ తడి ఆరనివ్వని గడపను, ఆమె మీద గౌరవంతోనే, మేం మా చేతులతో కడిగి ఒడ్డెవాళ్ళకు సెలవిచ్చేశాం.

ఓవర్సీరు ఆ సాయంత్రమే వచ్చాడు. ఉన్నామె పోయింది, ఇల్లు ఖాళీ, గడప మీరే కడిగారు, ఇంక నా తప్పేముందన్నాడు. నేను కాపురముంటానన్నాను. మైల ఇంట్లో కొత్త కాపురం పెడతావా అని నవ్వాడు. నేను గడపకు అడ్డంగా పడుకుంటానన్నాను. ఎత్తి పక్కన పెడతామన్నాడు. పొద్దున్నే పని మొదలన్నాడు. నేను నాయన కాళ్ళ మీద పడ్డాను, మైలా గియిలా వదిలేసి పసుపు పూద్దామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మా అమ్మను మంచిగా పంపించాలిరా. ఇంటి కోసం అమ్మ దినం చెడగొట్టమంటావా?" అన్నాడు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

తెల్లవారుతుండగా ఇద్దరం దివాణానికి పోయాం. గడపకు అడ్డం పడుకోవడానికి నాయన కూడా ఒప్పుకున్నాడు, దానికి మైల అడ్డం కాదు కదా. దూరం నుంచే పొగ కనబడింది. కూల్చడం మొదలుపెట్టారనుకుని పరుగెత్తాం. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. పక్కన చాప, సుత్తి. అరుగు మీద ఆ ఒడ్డె పెద్దామె కూర్చుని ఉంది. ఆమె భర్త కరువు వెనకాలే వచ్చిన విషజ్వరంలో పోయాడు, బొట్టు లేని నుదురు చూస్తేనే తెలుస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"మీకు మైల. నాకేం మైల? నేను ఆమెకు ఏమీ కాను" అంది. తలెత్తి కప్పు వైపు చూస్తూ, "ఇంక ఈడే ఉంటాను. కప్పు నాకు చూపించి పోయింది" అంది.

ఓవర్సీరు మనుషులు వచ్చారు. వాకిట్లో ఉడికే కుండను చూశారు, గడప మీది తడి పసుపును చూశారు, పలుగులు నేలకు దించి చింతచెట్టు కింద చుట్టలు ముట్టించారు. ఓవర్సీరు తహశీల్దారు దాకా పోయాడు. ఎవరైనా కాపురముంటే చాలన్నారు గానీ, ఎవరు ఉండాలో హుకుంలో లేదని ఆయన చెప్పి పంపాడట.

పెద్ద దినం అయ్యాక నేను ఆత్మకూరికి బయలుదేరాను. పొద్దున్నే దివాణం ముందు ఆగాను. గడప అప్పుడే పూసినట్టుంది, పసుపు ఇంకా తడిగా ఉంది. మా అవ్వ పూస్తే అంచు నుంచి అంచు దాకా నున్నగా ఉండేది. ఇది మొరటుగా, వేళ్ళ చారలతో ఉంది. ఆ చారల నడుమ, అటు కొస నుంచి ఇటు కొస దాకా, నలిగిపోయిన ఆ నడిమి వేలు ఆననిచోట సన్నగా ఒక నల్ల గీత మిగిలింది.