వేట నిషేధంలో బుల్లెట్టు

ఏప్రిల్ మధ్యలో సముద్రం మీద వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం మాట. జూన్ మధ్య దాకా పడవలన్నీ ఒడ్డునే. ఆ రెండు నెలలూ నరసాపురం దిగువ పల్లెల్లో మగవాళ్లకి ఉండే పనులు వలలు బాగుచేసుకోవడం, పేకాడడం, పెళ్లాలతో పోట్లాడడం. త్రిమూర్తులికి ఇంకొకటి ఉండేది. బుల్లెట్టు విప్పడం.

ఆ బండిని అతను పాలకొల్లు పక్కన ఒక రైతు గారి గొడ్లచావిడిలోంచి తెచ్చుకున్నాడు. అప్పటికి దాని సీటు మీద కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. కుడికాలితో గేర్లు వేసే పాతకాలం బండి. చూసి పల్లె అంతా నవ్వింది. "ఒరే తిమ్మూర్తులూ, పడవకే సరైన ఇంజను లేదు, నీకు బుల్లెట్టా?" అన్నారు. అతని భార్య పెద్దింట్లమ్మ మాత్రం నవ్వలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక సీటుని అరచేత్తో నొక్కి చూసి, "ఇది చెక్కలాగుంది. స్పంజీ మార్పించు" అంది. తనని కూడా ఎక్కించుకోవలసి ఉంటుందని త్రిమూర్తులికి అప్పుడే తెలిసింది.

మొదటి ఏడాది రాజమండ్రి దాకా వెళ్లారు. ధవళేశ్వరం బ్యారేజీ మీద బండి ఆపితే పెద్దింట్లమ్మ నీళ్ల వంక చూస్తూ అడిగింది.

"ఇయ్యన్నీ ఎక్కణ్ణించొత్తన్నాయి మావా?"

"పైనించి."

"పైనంటే?"

త్రిమూర్తులు పుట్టిందే గోదారి సముద్రంలో కలిసేచోట. అవతలి ఒడ్డు మసకగా తప్ప కనబడని గోదారి అతనిది. దానికి పైన ఏముందో అతనికీ తెలియదు. పై ఏడు భద్రాచలం వెళ్లారు. ఆ తర్వాత కాళేశ్వరం. ఆ తర్వాత బాసర, నాందేడ్. ఏటేటా వేట నిషేధం వస్తుంది, ఏటేటా మొగుడూ పెళ్లాం ఏటికి ఎదురు మరికాస్త పైకి పోతారు. చేతిలో ఉన్నది అయిపోగానే ఎక్కడున్నారో అక్కణ్ణించే వెనక్కి తిరుగుతారు.

దీన్ని తీర్థయాత్ర అనుకునేవాళ్లు చాలామంది ఉండేవారు. పెద్దింట్లమ్మకి ఆ మాట నచ్చేది కాదు. బాసర రేవులో ఒకావిడ, "ఇక్కడ మునిగితే పాపాలు పోతాయమ్మా" అంటే, "నా పాపాలు నాకేం బరువు లేవండి, ఉండనివ్వండి" అని జవాబు చెప్పింది. ఆమెకి కావలసింది వేరు. నాసిక్ అవతల కొండ దగ్గర పుట్టినచోట గోదారి చేతి మణికట్టంత సన్నగా ఉంటుందని ఆ రేవులోనే ఎవరో చెప్పారు. అది ఆమె మనసులో పడిపోయింది. ఆమె తండ్రి పడవని మింగిన నది అది. వరదొచ్చినప్పుడల్లా ఇల్లు ఖాళీ చేయించిన నది.

"ఇంత పొగరుబోతు గోదారిని ఒక్క అంగలో దాటేత్తాను మావా. అటు దాటి, మళ్లీ ఇటు దాటి, దాని మొహం చూత్తాను."

పైఠాన్ దాకా వెళ్లగలిగారు. ఇక మిగిలింది ఆ చివరి ముక్కే.

బండి విప్పడం త్రిమూర్తులికి ఎవరూ నేర్పలేదు. పడవ ఇంజను తెలిసినవాడికి బండి ఇంజను ఓ చిన్న తమ్ముడు. పెరట్లో టార్పాలిన్ పరిచి, ఊడదీసిన బోల్టుల్ని వరసగా కొబ్బరిచిప్పల్లో వేసేవాడు. చిప్ప ఎవరైనా కదిపితే ఇంట్లో ఆ పూట అన్నం ఉండదు. చైను కిరసనాయిల్లో నానబెట్టడానికి అతనికి దొరికేది పెద్దింట్లమ్మ చేపలమ్మే బేసినీ.

"నా బేసినీయే దొరికిందా? రేపు పండుగొప్పలో కిరసనాయిలు వాసనొత్తందని జనం నా మొహాన కొడతారు!"

"వేట లేదు, చేపల్లేవు. రేపెవడు కొంటాడే?"

"ఎండుచేపలు నీ బాబు కొంటాడు."

ఇంజనుకి నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందుని బ్లేడు ముక్కతో కొలిచి, కిక్ కొట్టి, ఆ డుగ్ డుగ్‌ని చెవి ఒగ్గి వినేవాడు. ఊరెళ్లి వచ్చాక ప్రతి సాయంత్రం బండి కడిగేవాడు. ఉప్పుగాలిలో ఇనుము నిలవదు, పడవ ఇంజన్ని ఒడ్డుకి తేగానే నీళ్లతో కడగాలి, అది పల్లెలో పిల్లలకి కూడా తెలిసిన సంగతే. బండి చట్రం గొట్టాలకి అడుగున అక్కడక్కడా చిన్న కన్నాలు కనబడితే, వాటిని ఫైబరు పడవలకి పూసే రెజిన్ పెట్టి శుభ్రంగా మూసేశాడు. కన్నం కనబడితే మూసెయ్యడం అతని చేతికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. పడవలో బతికినవాడు కన్నాన్ని ఊరికే వదిలెయ్యలేడు.

కిందటి చలికాలం పెద్దింట్లమ్మకి కడుపులో గడ్డ తేలింది. భీమవరంలో కోసి చూసి, మళ్లీ కుట్టేశారు. డాక్టరు నెలలు లెక్కచెప్పలేదు. త్రిమూర్తుల్ని వరండాలోకి పిలిచి, "ఆవిణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్లాలనుంటే ఇప్పుడే తీసుకెళ్లండి. తర్వాత కుదరదు" అని మాత్రం అన్నాడు. ఇంత తేటగా చెప్పే డాక్టర్లు తక్కువ. ఇంత తేటగా చెప్పినా వినపడనివాళ్లు ఎక్కువ.

వేట ఆగింది. కూతురు సాయిదుర్గ భీమవరం నుంచి వచ్చింది. రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది, ఏ పనైనా గబగబా తేల్చేసే మనిషి. ఫోన్లో అంతా చూసుకునే వచ్చింది.

"నాన్నా, నరసాపురంలో ఎక్కితే రైలు మారే పనే లేదు. పడుకుని వెళ్లొచ్చు. మర్నాడు దిగి, అక్కణ్ణించి నాసిక్ కార్లో. అమ్మ చూసేసి వచ్చేస్తుంది. బెర్తులు తీసెయ్యనా?"

త్రిమూర్తులు అప్పటికే బండి ముందు కూర్చుని ఉన్నాడు. "ఇన్నేళ్లు బండి మీదెళ్లి, చివరాకరికి రైలెక్కమంటావా?" అన్నాడు.

"అమ్మ బండి మీద కూర్చోగలదా?"

"కూర్చోదు. పడుకుంటది. పక్కన తొట్టి కడతాను."

మంచం మీంచి పెద్దింట్లమ్మ నవ్వింది. "రైల్లో అయితే ఏమైంది మావా? రైలొచ్చిందని గోదారి దాక్కుంటదా?"

"నువ్వుండు. ఫైబరు తొట్టిలో పరుపేసి, పైన గుడ్డ కట్టి, మహారాణీలా తీసుకెళతాను. దారంతా నిన్నే చూస్తారు."

ఆమె అతని మొహం చూసింది. ఆసుపత్రి గుమ్మాల్లో కూర్చున్నన్నాళ్లూ చచ్చిపడి ఉన్న మొహం, చాలా రోజుల తర్వాత కాస్త వెలిగింది. ఆమె ఇంకేమీ అనలేదు. సాయిదుర్గ ఫోన్ లోపల పెట్టేసుకుంది.

ఇది వినగానే ప్రేమంటే ఇదీ అని కళ్లు తుడుచుకునేవాళ్లుంటారు. ఆ పల్లెలోనూ ఉన్నారు. తుడుచుకునే ముందు, జబ్బుమనిషి ఎలా గడిపిందో కూడా కాస్త చూడాలి.

ఫైబరు పని త్రిమూర్తులికి కొట్టినపిండి. చిరిగిన పడవలకి మాసికలు వేసిన చెయ్యి. కానీ రెజిన్ వాసన పెద్దింట్లమ్మకి పడలేదు. మొదటిరోజే వాంతులయ్యాయి. దాంతో అతను బండినీ పనినీ ఒడ్డున పడవల పాకలోకి మార్చేశాడు. పొద్దున్నే పోతే పొద్దుగూకాక వచ్చేవాడు. ఆమె పగలంతా ఒక్కతే. పక్కింటివాళ్లు గంజి పోసేవారు. అతను వచ్చి మంచం పక్కన కూర్చుని, ఇవాళ అచ్చు తీశాను, ఇవాళ స్ప్రింగులు దొరికాయి, ఇవాళ మూడో చక్రం కుదిరింది అని చెప్పేవాడు. చేతులకి అంటిన రెజిన్ పెచ్చులు గీరుకుంటూ చెప్పేవాడు.

"ఎప్పటికవుద్ది?"

"నాలుగు రోజులు."

ఆ నాలుగు రోజులు తరగలేదు. తొట్టి ఒకసారి వంకర పోయింది. దాన్ని పగలగొట్టి మళ్లీ మొదలెట్టాడు. రోడ్డు మీద గతుకులకి ఆమె కడుపు కదలకూడదని సీటు కింద నైలాన్ తాళ్లతో ఉయ్యాలలాంటి అల్లిక అల్లాడు. దానికే వారం పట్టింది. అందమైన అల్లిక. చూసినవాళ్లు చెయ్యి పెట్టి నొక్కి, "ఇంత మెత్తన పెద్దకార్లలోనూ ఉండదు" అన్నారు. పెద్దింట్లమ్మ ఇంకొకసారి, "రైలు టిక్కెట్లు ఉంటాయేమో అడిగి చూడు మావా" అంది. అతను వినిపించుకోలేదు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. దాన్ని అతను ఒప్పుకోలు అనుకున్నాడు.

మే నెల చివర్లో తొట్టి పూర్తయింది. బండికి తగిలించడానికి వెల్డింగు చేసే విజయ్ పాల్‌ని పిలిపించాడు. మిషను ఆటోలో వేసుకుని వచ్చాడతను. తొట్టి చూసి ఈల వేశాడు.

"ఏం కట్టావు బాబాయ్! ఇందులో పడుకుంటే పిన్ని దిగనంటది."

"దిగమన్నదెవరు? నువ్వు గట్టిగా అతికించు."

బ్రాకెట్టు పట్టించాల్సిన చోట చట్రం రంగు గీకమన్నాడు విజయ్ పాల్. త్రిమూర్తులు గీకాడు. పెచ్చు ఊడింది. దాని కింద నుంచి ఇంకో పెచ్చు ఊడింది. స్క్రూడ్రైవరు మొనతో తట్టి చూద్దామని ఆనించాడు. మొన కసుక్కున లోపలికి దిగిపోయింది. తీసేసరికి ఆ కన్నంలోంచి గోధుమరంగు నీళ్లు కారాయి. నీళ్ల వెనకే తడి తుప్పు, పిడికెడు.

"ఇది చాసిస్సు కాదు బాబాయ్, అప్పడం" అని, అన్నాక తనే నాలిక కరుచుకున్నాడు విజయ్ పాల్. "నిప్పు చూపిస్తే మొత్తం జారిపోద్ది. నేను చెయ్యను. పిన్నిని ఎక్కించకు, నువ్వూ ఎక్కకు."

త్రిమూర్తులు నేల మీద కూర్చుని, ఒంగి, గొట్టాల అడుగున తను రెజిన్ పెట్టిన చోట్లన్నీ వేలితో తడిమాడు. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పడవకి కన్నం నీళ్లు రావడానికి. బండికి కన్నం నీళ్లు పోవడానికి. కడిగినప్పుడల్లా అతుకుల సందుల్లోంచి దిగిన నీళ్లకి తనే బయటికి దారి లేకుండా చేశాడు. పైగా అవి పెరటి బోరు నీళ్లు. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక ఆ బోరు ఉప్పెక్కింది. ఇంట్లో తాగడానికి టిన్నులు కొనుక్కుంటున్నారు, పప్పు కూడా ఆ నీళ్లతో ఉడకదు. తను నోట పెట్టని నీళ్లని ఇన్నేళ్లుగా రోజూ సాయంత్రం బండికి పోశాడు. ఉప్పు కడుగుతున్నాననుకుని ఉప్పు తాగించాడు. అది పైకి మెరుస్తూ లోపల కుళ్లింది.

"పాత చాసిస్సు కాకినాడలో దొరుకుద్ది. పది రోజులు టైమివ్వు, వెతికిస్తాను" అన్నాడు విజయ్ పాల్, మిషను ఆటోలోకి ఎక్కిస్తూ.

త్రిమూర్తులు ఆ రోజు పొద్దు ఉండగానే ఇంటికి వచ్చాడు. ఆ వేళప్పుడు ఇంట్లో అతన్ని చూసి పెద్దింట్లమ్మకి అర్థమైంది.

"ఏంటి మావా?"

"చాసిస్సు పోయింది. లోపలంతా తినేసింది." తల ఎత్తకుండా చెప్పాడు. "విజయ్ పాల్ వెతికిస్తానన్నాడు. ఓ పది రోజులు..."

"మళ్లీ పది రోజులా?"

ఆమె గొంతులో కోపం లేదు. కోపానికి కావలసిన ఊపిరి లేదు. అతను ఆమె వంక చూశాడు. పగటి వెలుతురులో ఆమెని సరిగ్గా చూసి నెల దాటింది. చెంపలు లోపలికి పోయాయి. మెడ దగ్గర ఎముకల గుంటల్లో నీడ. దుప్పటి కింద కాళ్లు ఉన్నట్టే తెలియడం లేదు. ఇంత మార్పు చీకట్లో పక్కన కూర్చుని కబుర్లు చెప్పినన్నాళ్లూ అతనికి కనబడలేదు.

"రైలుకెళ్లిపోదాం" అన్నాడు గబగబా. "దుర్గకి ఫోన్ చేసేత్తాను. రేపే ఎక్కేద్దాం. నేనెత్తుకుంటాను నిన్ను."

ఆమె చెయ్యి చాపి, అతని గోళ్లలో ఇరుక్కున్న రెజిన్ పెచ్చు ఒకటి మెల్లగా ఊడదీసింది.

"ఇప్పుడు కూర్చోలేను మావా. పడుకోనూలేను. పక్కకి తిప్పితేనే ప్రాణం పోతంది."

"ముందే చెప్పొచ్చు కదే."

"చెప్పాను కదా."

అవును, చెప్పింది. రెండుసార్లు. అతను బయటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. లోపల్నించి ఆమే పిలిచి, "అక్కడ కూర్చుని ఏం చేత్తావ్, ఇక్కడికి రా" అంది. వెళ్లాడు. ఆ తర్వాత మిగిలిన రోజులన్నీ ఆ మంచం పక్కనే ఉన్నాడు. పాక వైపు వెళ్లలేదు.

వేట మొదలైన వారానికి ఆమె పోయింది.

కార్యాలు జరుగుతుండగా సాయిదుర్గ అస్థికల ముంత ఒళ్లో పెట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "నాన్నా, ఇవి నాసిక్ అవతల, పుట్టినచోటే కలుపుదాం. రైలు టిక్కెట్లు నేను తీస్తాను. అమ్మ కోరిక తీరుతుంది." చుట్టూ ఉన్నవాళ్లు అవునవును, తల్లికి అంతకన్నా ఏం కావాలి అన్నారు. నలుగురైదుగురు ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నారు. అనడానికి సుఖంగా ఉండే మాట.

"అమ్మ కలపమనలేదమ్మా" అన్నాడు త్రిమూర్తులు. "చూత్తానంది."

"అలా అంటే ఎలా నాన్నా?"

"ఇందులో కళ్లున్నాయా?"

ముంత తీసుకుని అతనే లేచాడు. ఆటుకి నీళ్లు సముద్రం వైపు లాగుతున్న వేళ చూసి, తమ్ముడి పడవలో గోదారి సముద్రంలో పడే మొగ దగ్గరికి వెళ్లి, పల్లెలో చచ్చిపోయిన అందరినీ కలిపే చోటే కలిపేశాడు. సాయిదుర్గ పడవ అంచు పట్టుకుని మొహం అటు తిప్పుకుంది. కూతురు తనతో మాట్లాడదని, చాలాకాలం మాట్లాడదని అతనికి తెలుస్తూనే ఉంది. అయినా రైలెక్కి, తను చెయ్యవలసినప్పుడు చెయ్యని పనిని ఇప్పుడు చేసి, చేసేశానని అనిపించుకోవడం అతని వల్ల కాలేదు. ఖాళీ ముంతని నీళ్లలో ఒకసారి ముంచి వదిలేసి, ఇంజను తాడు లాగాడు.