రైలుకు రైట్ కొట్టిన మా నాయన

ఆ రోజుల్లో మా పుంగనూరు పిల్లలకు రైలంటే పాఠం పుస్తకంలో బొమ్మ, అంతే. ఊరికి రైలు లేదు. మదనపల్లెకు ఉందని అక్కడి చుట్టాలు గొప్పలు పోయేవారు గానీ ఆ గొప్ప కూడా సగమే. స్టేషను పేరు మదనపల్లె రోడ్డు. దిగి చూస్తే రోడ్డు ఉంటుంది, మదనపల్లె మాత్రం మళ్లీ బస్సెక్కి పోతే గానీ రాదు. బెంగళూరుకూ మద్రాసుకూ పోయే పెద్ద రైళ్లు చూడాలంటే కుప్పం పోవాల్సిందే. ఇప్పటి పిల్లలు ఫోను తీసి, రైలు ఏ స్టేషను దాటిందో వేలితో తాకి చెప్పేస్తారు. మాకు రైలు వస్తుందా రాదా అన్నది వచ్చిన తర్వాతే తెలిసేది. ఆ ఆదుర్దా లేని ప్రయాణం కూడా ప్రయాణమేనా అని నలుగురిలో దర్జాగా అంటుంటాను గానీ, తొమ్మిదేళ్ల వయసులో కుప్పం నుంచి గుడుపల్లె దాకా, అంటే ఒక్కటంటే ఒక్క స్టేషను దూరం, నేను పడిన బెంగ తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి.

మా నాయన ప్రైవేటు బస్సులో కండక్టరు. పుంగనూరు నుంచి మదనపల్లెకు, మదనపల్లె నుంచి పుంగనూరుకు, తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా అదే దారి. ఆ బస్సులో గంట ఎప్పుడో తెగిపోయింది. ఈల ఊదితే డ్రైవరుకు వినపడదు (ఇంజను మోత అలాంటిది). అందుకని నాయన అరచెయ్యే గంట. బస్సు రేకు మీద ఒక దెబ్బ కొడితే బండి ఆగాలి, రెండు కొడితే, అంటే రైట్ కొడితే, కదలాలి. ఆ రెండు కొట్టడంలోనూ ఒక పద్ధతుంది. జనమంతా ఎక్కాక, ముసలివాళ్ల మూటలు లోపలికి చేరాక, చివరగా తను ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, అప్పుడు కొడతాడు రెండు. రెండు దెబ్బలు వినపడ్డాయంటే నాయన ఎక్కేశాడని అర్థం. నేల మీద నిలబడి రెండు కొట్టే కండక్టరు ఈ భూమ్మీద ఉంటాడని నాకు తెలియదు. ఇంట్లో కూడా అంతే. మేం బడికి బయలుదేరితే తలుపు మీద రెండు కొట్టి పంపేవాడు. "ఇది ఇల్లా, బస్టాండా?" అని మా అమ్మ విసుక్కునేది. లోకంలో కదిలేవన్నీ మా నాయన చేతి దెబ్బకే కదులుతాయని, ఆగేవన్నీ దానికే ఆగుతాయని నేను గట్టిగా నమ్మాను.

ఆ ఏడు బంగారుపేటలో ఉన్న మా అత్త కొడుకుకు పుట్టెంట్రుకలు తీస్తున్నామని కబురొచ్చింది. బస్సులో నేరుగా పోవచ్చు. కానీ నేను రైలు, రైలు అని ప్రాణం తీశాను. బస్సు వాసన తగిలితేనే వాంతి చేసుకునే మా అవ్వ కూడా నా పక్షం చేరింది. (కండక్టరు తల్లికి బస్సు పడకపోవడం మా ఇంటి రహస్యం. నాయన బయట ఎక్కడా చెప్పనిచ్చేవాడు కాదు.) అలా నాయన, అమ్మ, అమ్మ చంకలో ఏడాది తమ్ముడు, అవ్వ, నేను, అవ్వ కోసం చింతపండు ముద్ద, పలమనేరు, వి.కోట మీదుగా రెండు బస్సులు మారి కుప్పం స్టేషనుకు చేరాం. అవ్వ దారి పొడుగునా చింతపండు చప్పరిస్తూ, మా నాయన పరువు కాపాడుతూ వచ్చింది.

ప్లాట్‌ఫారం చూసేసరికి మా నాయన మొహం మారింది. పాల క్యాన్లు, టమాటా బుట్టలు, పూల గంపలు, కోళ్ల జల్లలు, వాటి మధ్య ఎక్కడో మనుషులు. రైలు ఇక్కడ ఎంతసేపు ఆగుతుందని ఒకాయన్ను అడిగితే, "రెండు నిముషాలప్పా" అన్నాడు. "రెండు నిముషాలా! మా బస్సు తట్టివారిపల్లెలో ఒక ముసిలామె కోసమే అయిదు నిముషాలు నిలబడతాది" అన్నాడు నాయన, రైళ్లంటే అప్పుడే చులకనైపోయి. ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి, మెడలోని నల్లగళ్ల టవలు తీసి నా చేతికిచ్చాడు. ఆ టవలు మామూలుది కాదు. మదనపల్లె బస్టాండులో అది కిటికీలోంచి లోపల పడితే, ఆ సీటు జోలికి ఇంకొకరు రారు.

"బుడ్డమ్మా, బాగా విను. నిన్ను కిటికీలోంచి లోపలికేస్తా. టవలు పరిసి కూర్సో. ఎవురొచ్చినా లెయ్యొద్దు. అడిగితే 'మావోళ్లు వస్తాండారు' అను. తెలిసిందా?"

"నువ్వు రాకపోతే?" అన్నాను.

"నేను రాకుండా బండి యాడికి పోతాదే!" అన్నాడు నాయన. నాకు ఆ మాట చాలు.

ఆ కాలపు పెట్టెల్లో ఒక కిటికీకి కమ్మీలు ఉండేవి కావు. ఆపదొస్తే దూకడానికట. మావాళ్లకు ఆపదంటే సీటు దొరకకపోవడమే కాబట్టి, రైలు ఆగగానే నాయన నన్ను ఎత్తి, తలకాయ ముందు, కాళ్లు వెనక, ఆ కిటికీలోంచి తోసేశాడు. నేను ఎవరి ఒళ్లోనో పడి, వాళ్ల తిట్లు పూర్తయ్యేలోపు లేచి, ఖాళీగా కనపడిన బల్ల మీద టవలు ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిచి, మధ్యలో కూర్చున్నాను. రెండు చేతులూ చాపాను. కాళ్లు కూడా చాపాను. తొమ్మిదేళ్ల బక్క పిల్ల నలుగురి జాగా ఆక్రమించాలంటే ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుస్తుంది.

ఇంతలో రైలు కూసింది. పెట్టె ఒక్క కుదుపు కుదిపింది. "నాయనా!" అని అరిచాను. అప్పుడే బయట రేకు మీద చెళ్లుమని రెండు దెబ్బలు. ఆ చెయ్యి నాకు తెలియదా! నా ప్రాణం లేచొచ్చింది. నాయన రైట్ కొట్టాడు, అంటే నాయన ఎక్కాడు. నాయన ఎక్కాడంటే అమ్మ, అవ్వ, తమ్ముడు ఎప్పుడో ఎక్కారు. ఇంకేం భయం? రైలు మా నాయన మాట వినే కదిలిందని గర్వంగా అందరి మొహాలూ చూశాను.

కుప్పం ఇళ్లు వెనక్కి పోయాయి. చుట్టూ నిలబడ్డవాళ్లు నా ఖాళీ బల్ల వైపు ఆకలిగా చూస్తున్నారు. ఎదురుగా బుర్ఖా వేసుకున్న ఒక పెద్దామె, ఒళ్లో మల్లెపూల బుట్ట పెట్టుకుని కూర్చుంది. "ఏం బేటీ, ఇంత జాగా ఎవురికి?" అంది.

"మావోళ్లు వస్తాండారు."

"యాడి నుంచి వస్తారు? బండి కదిలిపాయె గదా!"

"మా నాయన ఎక్కినాడు. రైట్ కొట్నాడు, నేను విన్న్యా" అన్నాను. రైలుకు రైట్ కొట్టడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. చెప్పడానికి నాకు ఓపిక లేదు. ఎందుకంటే అప్పటికే నా లోపల ఒక లెక్క తప్పడం మొదలైంది. బస్సులో అయితే రెండు దెబ్బలు పడ్డాక, నేను ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు నాయన జనాన్ని తోసుకుంటూ వచ్చేస్తాడు. ఇరవై లెక్కపెట్టాను. రాలేదు. జనం ఎక్కువున్నారు కదా అని వంద లెక్కపెట్టాను. రాలేదు. (ఆ పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడిచే దారే లేదని నాకు తెలియదు. రైలంటే పొడుగాటి బస్సనుకున్నాను.) మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంటే డెబ్భై తర్వాత ఏమొస్తుందో మర్చిపోయాను.

నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. ఒకవేళ ఆ దెబ్బలు నాయనవి కావేమో? కాదు, నాయనవే. మరి నాయన ఎక్కకుండానే కొట్టాడా? ఎందుకు కొడతాడు? నన్ను పంపించేయడానికా? అప్పుడు గుర్తొచ్చింది, మొన్న తమ్ముడి పాలు నేనే తాగేసిన సంగతి. ఆ సంగతి నాయనకు తెలిసిపోయిందేమో! పాల కోసం కూతుర్ని రైలెక్కించి రైట్ కొట్టేస్తారా అని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ క్షణాన అది నాకు పచ్చి నిజంగా తోచింది. కళ్లనిండా నీళ్లొచ్చాయి. చేతులు మాత్రం తీయలేదు. సీట్లు పోతాయి కదా!

"యాల ఏడుస్తాండావు బేటీ? గొలుసు లాగమందామా?" అని పూలామె పైన వేలాడే ఎర్ర గొలుసు చూపించింది. నేను అడ్డంగా తలూపాను. నాయన రైట్ కొట్టిన బండిని ఇంకొకరు ఆపడమంటే నాయనకు ఎంత అవమానం! "నీ టికెట్టన్నా ఉండాదా?" అని పక్కన పాల క్యానుతో నిలబడ్డాయన అడిగాడు. పుట్టినప్పటి నుంచి టికెట్టన్నది ఎరగని మనిషిని నేను. నాకు వెక్కిళ్లు మొదలయ్యాయి. పూలామె బుట్టలోంచి మూరెడు మల్లెపూలు తుంచి నా జడలో పెట్టింది. "ఏడవద్దు, ఈడ గుడుపల్లెలో నిలబడతాది. మీవోళ్లుంటే వస్తారు" అంది. "ఉంటే" అన్న మాట నాకు సూదిలా గుచ్చుకుంది.

రైలు మెల్లబడింది. గుడుపల్లె. వెనక నుంచి ఎక్కడో దూరంగా కేక. "బుడ్డమ్మా! ఒసే బుడ్డమ్మా!" నాయన! గొంతు తెగిపోయేలా "నాయనా" అన్నాను గానీ, పాల క్యాన్ల చప్పుడులో అది నాకే వినపడలేదు. కిటికీలోంచి తల బయట పెడితే తెగిపోతుందని అవ్వ వి.కోట దాకా చెబుతూనే వచ్చింది, కాబట్టి తల పెట్టను. లేవొద్దని నాయన చెప్పాడు, కాబట్టి లేవను. కేక దగ్గరికొచ్చింది. మా పెట్టె దాటింది. ముందుకు పోతోంది! మిగిలింది ఒకటే దారి. కానీ టవలు తీస్తే సీట్లు పోతాయి, తీయకపోతే నాయన పోతాడు.

తీసేశాను. సర్రున లాగి, కిటికీ బయటికి చేయి చాపి, జెండాలాగా ఊపాను. ఆ నల్లగళ్లు చూసి నాయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. నేను మళ్లీ బల్ల వైపు తిరిగి చూస్తే, నాలుగు సీట్లలో అయిదుగురు కూర్చుని ఉన్నారు, ఎన్నాళ్ల నుంచో అక్కడే కాపురం ఉన్నట్టు.

నాయన ఎక్కాడు. వెనకే పక్క పెట్టెలోంచి దిగి, తమ్ముణ్ణి చంకనేసుకున్న అమ్మ, అవ్వ పరుగున వచ్చి ఎక్కారు. అమ్మ నన్ను కొట్టి, వాటేసుకుని, మళ్లీ కొట్టింది. నేను నాయనను చూసి భోరుమన్నాను. "సీట్లు పోయినాయి నాయనా!"

"పోనీలే తల్లీ, పోనీలే" అన్నాడు. ఆయన చొక్కా నీళ్లలో ముంచినట్టు తడిసిపోయింది.

తర్వాత తెలిసిన కథ ఇది. నన్ను లోపలికేసి నాయన అవ్వనూ అమ్మనూ ఎక్కించబోతే, జనం తోపులాటలో వాళ్లు పక్క పెట్టెలోకి చేరారు. అంతలో బండి కదిలింది. నాయన నేల మీదే మిగిలాడు. బండి వెంట పరుగెత్తి, చిట్టచివరి పెట్టె మెట్టు పట్టుకుని ఎక్కితే, అది గార్డు పెట్టె. గార్డు చెడామడా తిట్టాడట. "నేనూ కండక్టర్నే సార్" అన్నాడట నాయన. "అయితే నీకు తెలియదా?" అని గార్డు ఇంకో విడత తిట్టాడట.

"మరి నువ్వే కదా రైట్ కొట్టింది?" అన్నాను వెక్కుతూ. నాయన తన అరచెయ్యి వైపు చూసుకున్నాడు. ఎర్రగా కంది ఉంది. "ఆపమని ఒకటే కొడదామనుకున్న్యానమ్మా. చెయ్యి ఆగలా. రెండు పడినాయి" అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలాగా.

బంగారుపేట దాకా నిలబడే పోయాం. అవ్వ మాత్రం పూలామె పక్కన ఇరుక్కుని కూర్చుని, రైలు బస్సుకన్నా మేలని తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి, కూతురికి రైట్ కొట్టి పంపిన మొగోడని అమ్మ నాయనను సాధించింది. నాకు కుప్పం సంబంధమే కుదరడం చూసి ఊరంతా నవ్వింది. పెళ్లి బస్సులో నేను కూర్చున్న రోజు, డ్రైవరు నాయన స్నేహితుడే, రెండు దెబ్బలు వినపడందే కదలనని మొండికేశాడు. నాయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు, ఎంతకీ తీయలేదు. చివరికి అమ్మే వచ్చి కొట్టింది.

నాయన ఇప్పుడు లేడు. మొన్న మా అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం వస్తే, అదే కుప్పం స్టేషనులో రైలెక్కించాను. కిటికీలోంచి తోసే పని లేదు. ఏసీ పెట్టె, ముందే పేరు రాసిపెట్టిన సీటు. అయినా గంటన్నర ముందే లాక్కెళ్లాను. ఫోను ఉందా, నీళ్లున్నాయా, సీటు నంబరు సరిగ్గా చూశావా అని ప్రతిదీ మూడుసార్లు అడిగాను. రైలు చప్పుడు లేకుండా కదిలింది. అద్దం వెనక దాని మొహం జరిగిపోతుంటే, నా చెయ్యి దానంతటదే లేచింది. ఒకటే కొడదామనుకున్నాను, నిజంగా ఒకటే.

కాసేపటికి అదే ఫోను చేసింది. "అమ్మా, కదిలేటప్పుడు ఎవరో పెట్టెను రెండుసార్లు గట్టిగా బాదినారు, సూసినావా?"

"కండక్టరేమోలే" అన్నాను.

"రైలుకు కండక్టరేందమ్మా!" అని అది పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, మండుతున్న అరచెయ్యిని చీరకొంగుతో రుద్దుకుంటూ. నేల మీద నిలబడి రెండు కొట్టినవాళ్లలో, మా ఇంట్లో, నేను మూడోదాన్ని.