అన్నయ్య స్టీరింగు

చాలా ఏళ్ళ తరవాత మొన్న మళ్ళీ నా చేతుల్లో సోల్డరింగు పొగ లేచింది. ఆ ఘాటు ముక్కుకి తగలగానే నర్సీపట్నం బస్టాండు దగ్గరి మా నాన్న రేడియో షాపు, అందులో పరికిణీ పైకి దోపుకుని పీట మీద కూచున్న నేనూ కళ్ళముందుకొచ్చాం. అయితే మొన్న బాగుచేసింది రేడియో కాదు, కంప్యూటరు ఆటలో కారు నడిపే స్టీరింగు. నా ఈడువాళ్ళెవరైనా నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, దాన్ని నడిపేది పిల్లలు కాదు, డెబ్బై దాటిన మా అన్నయ్య.

అన్నయ్య బతుకంతా నర్సీపట్నం నుంచి కొయ్యూరు వైపు సర్వీసు జీపు తోలాడు. సుగరొచ్చి అరికాళ్ళకి స్పర్శ పోవడంతో, ఇక బండి ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ రోజునుంచి మనిషి సగమైపోయాడు. అన్నయ్య కొడుకు, నా మేనల్లుడు, అది చూడలేక ఈ స్టీరింగు కొనుక్కొచ్చి బల్లకి బిగించి, కింద బ్రేకూ ఎక్సలేటరూ పెట్టి, ఎదురుగా తెర మీద ఒక కొండదారి చూపించాడు. మలుపు తిప్పుతుంటే లోపలి మోటారు నిజం బండిలాగే చేతుల్ని వెనక్కి లాగుతుందట. అన్నయ్య మళ్ళీ వేళకి అన్నం తినడం మొదలుపెట్టాడు.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకి అది చచ్చిపోయింది. లైటు లేదు, కదలిక లేదు. అన్నయ్య ఆ వారమంతా ముభావంగా తిరిగి, ఒక మధ్యాహ్నం ఎవరూ చూడకుండా మేనల్లుడి కారు బయటికి తీసి, బ్రేకు మీదే కాలుందనుకుని ఎక్సలేటరు తొక్కి ప్రహరీ గోడ కూల్చేశాడు. ఆ గోడ పక్కనే రోజూ పిల్లలు గోళీలాడతారు, దేవుడి దయవల్ల ఆ పూట ఎవరూ లేరు. వదిన కారు తాళం బియ్యం డబ్బాలో దాచి నాకు కబురు పెట్టింది. స్టీరింగుని సర్వీసుకి పంపితే నెలా రెండు నెలలు పడుతుందని మేనల్లుడన్నాడు. అన్నాళ్ళు ఆ తాళం దొరక్కుండా ఉంటుందని మాలో ఎవరికీ నమ్మకం లేదు.

ఆడపిల్లకి రేడియో పనేమిటని అప్పట్లో వీధంతా నవ్వేది. మా నాన్న మాత్రం పట్టించుకోలేదు. నా వేళ్ళు సన్నమనీ తనకి చూపు ఆనడం లేదనీ సన్నపని అంతా నాకే అప్పజెప్పేవారు. కొయ్యూరు కొండల నుంచి జనం రేడియో సెట్లని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డని మోసుకొచ్చినట్టు తెచ్చేవారు. పొయ్యి పైన అటక మీద పెట్టుకోవడంతో లోపలంతా మసి ఉండేది. అలా వచ్చినవాళ్ళకి ముందు టీ తెప్పించి, వర్షాలెలా ఉన్నాయి, చింతపండు ఏ ధర పలికింది అని అడుగుతూ కూచోబెట్టేవారు నాన్న. నాకు విసుగొచ్చేది. కానీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా అసలు సంగతి బయటపడేది. పిల్లాడు గంజి ఒలకబోశాడనో, సంబరంలో గొంతు పెంచి పెంచి పాడించామనో నెమ్మదిగా చెప్పేవారు. అప్పుడుగానీ ఆయన స్క్రూడ్రైవరు నా చేతికిచ్చేవారు కాదు.

నేనూ అలాగే అన్నయ్య ఎదురుగా టీ పెట్టించుకుని కూచున్నాను. ముందే మీటరు పెట్టి చూశాను, అడాప్టరు బాగానే ఉంది, కరెంటు వస్తోంది. వైరు మార్చినా లాభం లేదు. లోపలేదో జరిగింది. ఏమైనా పడిందా, తడిసిందా అని అడిగితే అన్నయ్య తెర వంక చూస్తూ, "నానేటీ సెయ్యలేదే సెల్లీ," అన్నాడు. పాత జీపు కబుర్లు పెట్టాను. ఏటా దసరాకి ఆ జీపుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, స్టీరింగుకి చేమంతి దండ చుట్టేవాడు కదా అని నేనంటున్నానో లేదో, వదిన వంటింట్లోంచి వచ్చింది.

"ఈ ఏడు దీనికీ సేసేరు. కొబ్బరికాయ కొట్టి నీళ్ళు దాని మీదే జల్లేరు. సెప్పరేటి మరి?"

అన్నయ్య చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు. బండి అనుకున్నాక పూజ చెయ్యకుండా ఎలా ఉంటానని గొణిగాడు. నాకు నవ్వొచ్చింది.

విప్పి చూస్తే కొబ్బరినీళ్ళు ఎండి జిగురుగా అంటుకున్నాయి. వాటిలో పసుపు కలిసి, కరెంటు లోపలికొచ్చే చోట పచ్చగా చిలుం పట్టి ఒక తీగ చివర తినేసింది. పాత పళ్ళబ్రష్షు స్పిరిటులో ముంచి ఆ జిగురంతా కడిగాను. తీగ చెడినంత మేర కత్తిరించి, కొత్త చివర తీసి, మేనల్లుడు అరువు తెచ్చిన సోల్డరింగు ఐరనుతో అతికించాను. ఒకసారి అంటలేదు, మళ్ళీ పట్టుకున్నాను. ఆరబెట్టి అన్నీ బిగించి స్విచ్చి వేస్తే లైటు వెలిగింది, స్టీరింగు దానంతటది ఒకసారి అటూ ఇటూ తిరిగి మధ్యకొచ్చి నిలబడింది. వదిన దణ్ణం పెట్టుకుంది. ఈసారి బొట్టు ఒక్కటి చాలని నేను అన్నయ్యకి గట్టిగా చెప్పాను.

సాయంత్రం అన్నయ్య పక్కనే స్టూలు వేసుకు కూచున్నాను. వెనకనించి దూసుకొచ్చే ప్రతి బండికీ దారి ఇచ్చి, మలుపు మలుపుకీ హారను కొట్టి అందరికన్నా ఆఖరున వస్తున్నాడు, అయినా మొహం వెలిగిపోతోంది. కాసేపటికి, తెర మీంచి చూపు తిప్పకుండానే, "కారు తాళం బియ్యం డబ్బాలో ఉన్నాదని నాకు తెల్సే, ఇంక తియ్యన్లే," అన్నాడు. వదిన విన్నదో లేదో తెలీదు. వానాకాలంలో కొండదారిలో జీపు ఆలస్యమైతే, మా అన్నయ్య ఇంటికి చేరితే చాలని అమ్మా నేనూ గుమ్మంలో నిలబడి వణికిపోయేవాళ్ళం. ఆ అన్నయ్యే గుమ్మం దాటకుండా ఉండాలని ఇప్పుడు నేను మీటరు పట్టుకుని కూచున్నాను. అది తెలిసే, నా భయం తీర్చడానికే, ఆయన ఆ ఉత్తుత్తి కొండదారిలో బుద్ధిగా తిరుగుతున్నాడు.