రెండు జట్లకూ ద్రోహినైన సాయంత్రం

ఒకే నెలలో రెండు ఫుట్‌బాల్ జట్లకు ద్రోహం చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? అయితే కాస్త సర్దుకుని కూర్చోండి, నా వినాశనం కథ మొదలుపెడుతున్నాను. నేనేమీ పెద్ద ఆటగాణ్ణి కాను. రాయదుర్గంలో ఒక అద్దాల భవనం ఐదో అంతస్తులో ఉన్న కంపెనీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఉండేవాణ్ణి. పరుగెత్తలేని వాళ్లకు మా ఆఫీసు ఇచ్చే గౌరవం అది.

నాకు మాత్రం ఆ చోటు నచ్చేది. ఆట అవతలి సగంలో సాగుతుంటే, కొండాపూర్ టర్ఫ్ మీద సాయంత్రపు ఎండ తేనెలా పారుతుంటే, మబ్బులు అద్దాల మేడల్లో ఒక కిటికీ నుంచి మరో కిటికీలోకి నడిచిపోతుంటే, నేనూ వాటి వెంట వెళ్లిపోయేవాణ్ణి. తిరిగి తీసుకురావడం కెప్టెన్ యాదగిరి పని.

"అన్నా, బాల్ వస్తున్నది! జర ఇటు జూడు!"

బంతి చేతికి చిక్కితే, "అన్నా, నాకియ్యి!" అనేవాడు. ఇచ్చేవాణ్ణి. కొన్నేళ్లపాటు మా వ్యూహమంతా ఇదే.

అలాంటి నాకు అదే భవనంలో ఆరో అంతస్తు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పాతవాళ్లు కేక్ కోసి సాగనంపారు. యాదగిరి నా చెంపలకు క్రీమ్ కూడా పూశాడు. మా వైపు ఉద్యోగం మారితే ఎవరూ ఏమీ అనుకోరు. మారకపోతేనే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. చిక్కల్లా ఏమిటంటే, ఆరో అంతస్తు జట్టంటే ఐదో అంతస్తుకు ఒళ్లుమంట. ఆ జట్టుకు గోల్‌కీపర్ లేడు. కొత్త మేనేజర్ సుధారాణి గారు అడిగారు. మొహమాటపడి సరేనన్నాను.

పెద్ద పెద్ద ఆటగాళ్లు పగవాళ్ల క్లబ్బులో చేరితే అభిమానులు జెర్సీలు తగలబెట్టడం టీవీలో చూసి నవ్వుకున్నవాణ్ణి. మర్నాడు పార్కింగ్‌లో చూస్తే, యాదగిరి నా పాత జెర్సీతో బండి తుడుస్తున్నాడు.

"కాల్చేస్తే పోయేది కదప్పా?" అన్నాను.

"కాలిస్తే ఒక్కసారికే అయిపోతది. గిట్లయితే రోజూ తుడుస్త."

"ఉద్యోగం మారితే కేక్ తినిపించావే!"

"నౌకరీ కడుపు కోసం. టీం గట్ల గాదు."

అంతే, మాటలు ఆగిపోయాయి. లిఫ్టులో నేనుంటే అతను తర్వాతి లిఫ్టు కోసం ఆగేవాడు. అతను పక్కన లేకపోతే టీ కూడా ఆఫీసు మెయిల్‌లా ఉండేది, చప్పగా. ఎలాగైనా అతని చేత మళ్లీ ఒక్క మాట మాట్లాడించుకోవాలి. లోకంలో నాకు వేరే కోరిక లేకపోయింది.

ఇంతలో రెండు అంతస్తుల మధ్య మ్యాచ్ వచ్చింది. చివరి నిమిషం దాకా స్కోరు సమానం. అప్పుడు బంతి గాల్లో తేలుతూ వచ్చి, పెంపుడు పిల్లిలా నా చేతుల్లో వాలింది. ఎదురుగా అద్దాలన్నీ నారింజ రంగులోకి కరుగుతున్నాయి. గడిచిన సాయంత్రాలన్నీ కలిసి ఒకే సాయంత్రమైపోయాయి. నేను ఎక్కడికీ వెళ్లలేదు, ఏమీ మారలేదు అనిపించింది. ఆ హాయిలోకి ఒక గొంతు వచ్చింది.

"అన్నా, నాకియ్యి!"

ఇచ్చాను. చాలా ప్రేమగా, సరిగ్గా అతని కుడికాలి ముందుకు దొర్లించి మరీ ఇచ్చాను.

గోల్.

సుధారాణి గారు మెల్లగా నడిచి వచ్చారు. "ఏమండీ, అసలు మీరు ఎవరి తరఫున ఆడుతున్నారండీ?"

"ఆ క్షణంలో నాకూ స్పష్టత లేదండీ," అన్నాను.

అవతల గంతులు ముగించుకుని యాదగిరి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, అలవాటుల పిలిచిన గంతే! నిజంగ ఇస్తవనుకోలే!"

మాట్లాడాడు! నాకు కళ్లు చెమర్చాయి. "మళ్లీ మన టీంలోకి తీసుకుంటావాప్పా?"

యాదగిరి నా భుజం మీద చెయ్యేశాడు.

"ఫికర్ జెయ్యకన్నా, నువ్వు ఆడనే ఉండు. మాతోటి ఉన్నప్పటికన్న ఆడ ఉంటేనే మాకు ఫాయిదా."

ఆకాశంలో మిగిలిన ఆఖరి మబ్బు సాక్షిగా అక్కడే ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మళ్లీ ఏ జట్టుకూ ద్రోహం చెయ్యను. చెయ్యక తప్పకపోతే, కనీసం మెలకువగా ఉండి చేస్తాను.