మామిడిపండు మీద వేసిన నింద

నూజివీడులో ఉండి, మే నెలలో మామిడిపండు మానేసిన మనిషెవరైనా ఉన్నారా అంటే, అది నేనే. నాలుగు వారాలు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నాకు కీళ్లవాతం పదేళ్లుగా ఉంది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి, కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవాలి. ఇక రసం పండు పిసుక్కుని తినడం నా వల్ల ఎక్కడవుతుంది? ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక, "నాకు బంగినపల్లి ముక్కలే ఇష్టం" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగేదాన్ని. పచ్చి అబద్ధం. చిన్న రసం ముందు బంగినపల్లి ఏ మూలకి?

ఆ ఏడు కోతలు మొదలయ్యేసరికి ఆయాసం పట్టుకుంది. ఇంటి నుంచి మా మామిడితోటలోకి వెళ్లేలోపు రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. వెల్లకిలా పడుకుంటే గుండె మీద ఎవరో కూర్చున్నట్టుండేది. ఎనభై దాటిన మా అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, "మామిడిపండ్ల వేడే అమ్మాయ్, మానెయ్" అని తీర్పు చెప్పేశారు. మా వైపు మే నెలలో ఏ జబ్బొచ్చినా మొదటి ముద్దాయి మామిడిపండే. సెగ్గడ్డ లేచినా అదే, కడుపు పాడైనా అదే. నేనూ నమ్మాను. మజ్జిగ, సబ్జా నీళ్లు కడుపునిండా తాగాను. మా ఆయన తోటలోంచి పండ్లబుట్ట తెచ్చినప్పుడల్లా ఆ వాసనకి నోరూరి, ఆయన మీద కసురుకునేదాన్ని. పాపం, ఆయనేం చేశారు?

చివరికి కాళ్లు వాచాయి. ఒకరోజు షెడ్డులో కాయలు ఏరుతూ ఏరుతూ కూలబడ్డాను. మా ఆయన కారులో వేసుకుని బెజవాడ పరిగెత్తించారు. అక్కడ డాక్టరమ్మ స్కాన్ చేసి, గుండె చుట్టూ ఉండే సంచిలో నీరు నిండిపోయిందని, గుండె కొట్టుకోవడానికి చోటే లేదని చెప్పింది. "ఇంకో నాలుగు రోజులు ఆగితే మీరు దక్కేవారు కాదండీ" అంది నిదానంగా. భయం వేసింది. మా ఆయన మీద కసురుకోవడం కూడా మర్చిపోయాను. నా జబ్బు కంటే దానికే మా ఆయన ఎక్కువ కంగారుపడ్డారు.

సూది గుచ్చి, గొట్టంలోంచి తీసిన నీరు బంగారు రంగులో మిలమిలా మెరుస్తోంది. కొలెస్ట్రాల్ పలుకులట. కీళ్లవాతం ఉన్నవాళ్లలో ఎక్కడో ఒకరికి అలా వస్తుందట. "పుస్తకాల్లో చదవడమే గానీ కళ్లారా చూడ్డం ఇదే మొదటిసారండీ" అని డాక్టరమ్మ మురిసిపోయింది.

"మరి మామిడిపండు?" అన్నాను.

"దానికీ దీనికీ సంబంధమేంటండీ? హాయిగా తినండి."

గొంతెత్తే ఓపిక లేక ఊరుకున్నాను గానీ, లేకపోతే అప్పుడే అత్తగారికి ఫోన్ చేసి దెబ్బలాడేదాన్ని.

ఇంటికొచ్చేసరికి జూన్ సగం దాటింది. చెట్లన్నీ ఖాళీ. "చూశారా అత్తయ్యా, మీ ధర్మమా అని సీజనంతా పోయింది" అన్నాను గుమ్మంలోనే. ఆవిడ లోపలికెళ్లి, గడ్డిలో ముగ్గబెట్టి దాచిన చిన్న రసాలు నాలుగు తెచ్చారు. నా పక్కన కూర్చుని, నా వేళ్ల వంక ఒకసారి చూసి, ఒక పండంతా మెల్లగా పిసికి, తొడిమ తీసి, సొన పిండేసి, నా నోటి దగ్గర పెట్టారు. అంటే నా బంగినపల్లి అబద్ధం ఆవిడకి ఎప్పటినుంచో తెలుసన్నమాట.

"ఆగకుండా తిను, చూస్తాను" అన్నారు.

టెంక తగిలేదాకా జుర్రాను. మధ్యలో ఎక్కడా ఆయాసంతో ఆగలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుని, రెండో పండు పిసకడం మొదలుపెట్టారు.