వాడ కూలర్లన్నీ ఆపించిన ఆశన్న

బల్లార్‌పూర్ బొగ్గు బావిలో కరెంటు పని చేసి రిటైరైన ఆశన్నకు మోకాళ్లు అరిగాయి గానీ తెలివి అరగలేదు. అది ఆయన మాట. ఊరికే కూర్చోలేక, ఇంటి నుంచి రేడియోలో మాట్లాడుకునేందుకు సర్కారు పెట్టే హామ్ రేడియో పరీక్షకు కూర్చున్నాడు. గురువు లేడు, బడి లేదు. ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా దొరికే నమూనా పరీక్షలే రాసి రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇక ఆయనకు ఫోనే వేదం. సెట్టు కట్టుకునే బొమ్మలు అందులోనే, తీగ ఎంత పొడుగుండాలో లెక్క అందులోనే. ఈ పూట సూర్యుడి తీరు రేడియోకు అచ్చొస్తుందో లేదో చెప్పేది కూడా అందులోనే.

"సూర్యుడు ఎట్లున్నడో ఫోన్ల చూస్తున్నవా?" అంది భార్య మల్లవ్వ. "మే నెల. చెప్పుల్లేకుంట డాబా ఎక్కు, ఆయనే చెప్తడు."

ఆమె కోపం సూర్యుడి మీద కాదు, తీగ మీద. డాబా మీద ఆమె దండెం విప్పేసి ఆ గుంజలకే రేడియో తీగ కట్టాడు మహానుభావుడు. తడిబట్ట తగలొద్దన్నాడు. అప్పటినుంచి ఆమె చీరలు కిటికీ చువ్వలకు ఆరుతున్నాయి. పోనీ సెట్టు మాట్లాడిందా? పెనం మీద నీళ్లు చల్లినట్టు ఒకటే చిరచిర. గడ్‌చాందూర్‌లో సిమెంటు పని చేసే సతీష్‌కూ ఇట్లాంటి లైసెన్సే ఉంది. ఆదివారం ఆదివారం పిలుస్తాడు. ఈయన మాట అతనికి చేరుతుంది, అతని మాటే ఇక్కడ చిరచిరలో మునిగిపోతుంది.

"ఈ ఐతారం పొద్దుగూకేదాక చూస్త," అంది మల్లవ్వ. "అండ్ల మనిషి గొంతు ఇనవడ్డదా సరే. లేకుంటే తీగ కోసి నా దండెం నేను కట్టుకుంట."

ఆశన్న ఫోన్‌ను ఆశ్రయించాడు. ఏ దేశపు పెద్దమనిషో ఉపాయం రాసే పెట్టాడు: సెట్టును బ్యాటరీ మీద నడిపి ఇంటి మెయిన్ ఆపు. చిరచిర ఆగితే తప్పు నీ ఇంట్లో, ఆగకపోతే పక్కింట్లో. ఆశన్న మెయిన్ ఆపాడు. చిరచిర ఆగలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. తప్పు పక్కింట్లో ఉందని తెలిస్తే మనిషికి కలిగే శాంతి ఏ తీర్థంలో దొరుకుతుంది?

ఆ చిరచిర ఎవరి కూలర్ మోటారుదో పట్టాలని ఆదివారం మధ్యాహ్నం వాడంతా తిరిగాడు. ఈ జిల్లా ఎండల్లో కూలర్ ఆపమనడం ఊపిరి ఆపమనడమే. అయినా ఎవరింట్లో ఫ్యూజు పోయినా వచ్చి వేసే మనిషి కదా, మొహమాటానికి ఒక్కొక్కరే ఆపారు.

"కాయ్ కాకా," అని మరాఠీలో పలకరించింది పక్కింటి ప్రతిభ, "నీ రేడియోల ఏం ఇనవడ్తదో గానీ, కూలర్ బందైతే మా అత్త నోరు విసాపూర్ దాక ఇనవడ్తది."

"జర ఓపిక పట్టు బిడ్డా. ఇది సైన్సు."

"సైన్సుకు చెమట పట్టదు కాకా, మాకు పడ్తది."

వాడంతా గుమ్మాల్లో విసనకర్రలతో కూర్చుంది. చిరచిర మాత్రం చెక్కుచెదరలేదు. పొద్దు వాలింది. మల్లవ్వ ఒక చేత తడిబట్టల బకెట్, ఇంకో చేత కొడవలితో వచ్చి నిలబడింది.

"అయిపాయెనా?"

"ఆగవే, ఇంకో ఉపాయం రాసిండ్రు, సదువుతున్న."

ముసలి ఫోన్. చార్జర్ తగిలించి ఉంటేనే దానికి ప్రాణం. సంతలో చవగ్గా కొన్న ఆ చార్జర్ పగలూ రాత్రీ ఇన్వర్టర్ ప్లగ్గుకు వేలాడుతుంటుంది. మెయిన్ ఆపిన రోజు కూడా ఉపాయం చదవాలి గనక అది నడుస్తూనే ఉంది.

"ఉపాయాలు చెప్పే ఈ డబ్బనే ముందుగాల బంద్ చెయ్యాలె!" అని మల్లవ్వ చార్జర్ పీకి అవతల పారేసింది.

చిరచిర టక్కున ఆగింది. పక్క గదిలోంచి పిలిచినట్టు సతీష్ గొంతు వచ్చింది.

"కాకా, ఇనవడ్తుందా? నీకొక లింకు పంపిన. ఫోన్ చార్జర్లతోని రేడియోల ఎంత లొల్లి అయితదో అండ్ల మంచిగ రాసిండ్రు. సదువుకో."

చదువుదామంటే ఫోన్ అప్పటికే ఆరిపోయింది.

మల్లవ్వ కొడవలి గోడకు ఆనించి, బకెట్ ఆయన చేతికిచ్చింది. గొంతు వినబడింది గనక తీగ ఉంటుంది; ఇకనుంచి కిటికీ చువ్వలకు బట్టలు ఎవరు ఆరేయాలో తేలిపోయింది.

"కాకా, దొరికిందా?" గోడవతల నుంచి ప్రతిభ కేకేసింది. "ఎవరి కూలర్?"

చీర పిండుతూ ఆశన్న గొంతు సవరించుకున్నాడు.

"ఎవరిదైతే ఏంది బిడ్డా. పేరు చెప్ప. మాఫ్ చేసిన."